తక్కువ తిరిగిన పాత స్పోర్ట్స్ కారు కొంటున్నారా? మెయింటెనెన్స్ లెక్క ఇలా వేసుకోండి

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో చాలామందికి, ఇంట్లో పిల్లల కోసం ఒక పెద్ద బండి వచ్చేశాక, తమ కోసం రెండు సీట్ల కారు మీద మనసు పోతుంది. కొత్తది కొందామంటే ధర అందదు. దాంతో చూపు పాతవాటి మీద పడుతుంది. పోర్షే బాక్‌స్టర్, హోండా ఎస్2000, మాజ్దా మియాటా. ప్రకటనలో "2003 మోడల్, 19 వేల మైళ్లే తిరిగింది, ఎప్పుడూ గరాజ్‌లోనే ఉంది" అని కనిపిస్తే ఇక చేయి ఆగదు.

ఆ ప్రకటన అబద్ధమని నేననడం లేదు. ఆ 19 వేల అంకెను చూసి "కొత్త కారులాంటిదే" అనుకుంటే మాత్రం మొదటి ఏడాదే ఇబ్బంది పడతారు. తిరిగిన కారులో లోహం అరుగుతుంది. తిరగకుండా నిలబడ్డ కారులో రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసవుతుంది, ఆయిళ్లు చెడిపోతాయి. ఓడోమీటర్ లెక్కపెట్టేది మొదటిదాన్నే. పదేళ్లు తాళం వేసి వదిలేసిన ఊళ్లో ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

ఇక్కడ ఉదాహరణగా బాక్‌స్టర్‌నే తీసుకుంటున్నాను. పాత స్పోర్ట్స్ కార్లలో అందుబాటు ధరకు దొరికేవాటిలో ఇదొకటి, దీని జబ్బులన్నీ మెకానిక్‌లకు బాగా తెలిసినవే. మొదటి తరం, అంటే 986, 1997 నుంచి 2004 మోడళ్ల వరకు వచ్చింది. రెండో తరం 987, 2005 నుంచి 2012 వరకు. మీరు చూస్తున్నది వేరే కారైనా పద్ధతి మారదు.

1. ముందు డబ్బు లెక్క

కారు ధర, మొదటి ఏడాది ఖర్చు రెండూ కలిపితేనే అసలు ధర. 15 వేల డాలర్ల కారు చూస్తుంటే, ఇంకో నాలుగైదు వేలు పక్కన ఉంచుకోండి. అంత లేకపోతే పది వేల కారు చూసుకోవడం మంచిది. ఎందుకంటే ఇది కొత్తగా ఉన్నప్పుడు 40 వేల డాలర్లకు అటూఇటూ పలికిన కారు. కారు ధర పడిపోయింది కానీ దాని విడిభాగాల ధర, మెకానిక్ గంట కూలీ పడిపోలేదు. పోర్షే పని తెలిసిన షెడ్డులో గంటకు 150 నుంచి 200 డాలర్లు అడగడం మామూలే.

ఇంకో మాట. 70 వేల మైళ్లు తిరిగి, ఏటా ఆయిల్ మార్చిన రసీదులన్నీ ఉన్న కారూ, 19 వేలు తిరిగి ఒక్క కాగితమూ లేని కారూ పక్కపక్కన ఉంటే నేను మొదటిదే కొంటాను. చాలాసార్లు ధర కూడా దానిదే తక్కువ ఉంటుంది.

2. వెళ్లే ముందు ఫోన్‌లోనే తేల్చుకోవాల్సినవి

సర్వీస్ రికార్డులు అడగండి. వచ్చాక మైళ్లు కాకుండా తేదీలు చూడండి. ఇంజన్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారు? బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఎప్పుడు మార్చారు? టైర్లు ఏ ఏడాదివి? "మూడు వేల మైళ్లే తిరిగింది, ఆయిల్ మార్చాల్సిన పని పడలేదు" అన్న జవాబు వస్తే, అది ఎన్నేళ్లలో తిరిగిన మూడు వేలో అడగండి. ఆరేళ్లయితే ఆ ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు చేరి ఉంటాయి.

తర్వాత కారు గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాల వీఐఎన్ నంబరు తీసుకుని, కారు పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టు తెప్పించండి. ప్రమాదాలు, టైటిల్ సంగతి అందరూ చూస్తారు. మీరు ఇంకో పని చేయండి. ఏ ఏడాది ఓడోమీటర్ ఎంతుందో ఒక కాగితం మీద వరసగా రాయండి. ఏటా వెయ్యి మైళ్ల చొప్పున తిరుగుతూ వచ్చిన కారు ఒక రకం. మొదటి నాలుగేళ్లలో 18 వేలు తిరిగి, ఆ తర్వాత కదలకుండా పడి ఉన్న కారు ఇంకో రకం. ఓడోమీటర్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండో రకానికి మొదటి ఏడాది ఖర్చు చాలా ఎక్కువ. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో అదే నంబరు కొడితే పెండింగ్‌లో ఉన్న రీకాల్స్ కూడా ఉచితంగా తెలుస్తాయి.

కారు ఏ ఊళ్లో పెరిగిందో కూడా అడగండి. న్యూజెర్సీ, షికాగో వైపు చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బ్రేక్ పైపులు, బోల్టులు, సైలెన్సర్ బిగింపులు తుప్పు పట్టి ఉండొచ్చు. టెక్సస్, అరిజోనా అయితే తుప్పు ఉండదు, ఎండకు రబ్బరు, టాపు గుడ్డ, డాష్‌బోర్డు దెబ్బతింటాయి.

అమ్మేవారికి చివరగా ఒక మాట చెప్పండి: "నేను వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి."

3. కారు దగ్గర నిలబడి

చేయి పెట్టి చూడండి, ఇంజన్ చల్లగా ఉండాలి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు వస్తానని చెప్పండి. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వినిపించేవి, కనిపించేవి తర్వాత దొరకవు. ఇది పడుకున్న సిలిండర్ల ఇంజన్ కాబట్టి చాలాకాలం నిలబడ్డాక స్టార్ట్ చేస్తే కొద్దిగా పొగ వచ్చి పోవడం తప్పేం కాదు. వెనకంతా తెల్లటి మేఘం కమ్మేసి ఆగకపోతే మాత్రం ఎయిర్ ఆయిల్ సెపరేటర్ (ఇంజన్ లోపలి ఆవిరి నుంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) పోయి ఉండొచ్చు.

టైర్ల దగ్గర ఎక్కువసేపు ఉండండి. పక్కగోడ మీద డాట్ అన్న అక్షరాల వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగిన కారులో ట్రెడ్ (టైరు మీది గాళ్లు) కొత్తదానిలా ఉంటుంది, గోరుతో నొక్కితే రబ్బరు రాయిలా తగులుతుంది. అలాంటి టైరు పొడి రోడ్డు మీద కూడా పట్టదు, తడి రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు. 2013 నవంబరులో నటుడు పాల్ వాకర్ చనిపోయిన ప్రమాదంలో ఉన్నది 2005 నాటి పోర్షే కరెరా జీటీ. లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ విభాగం దర్యాప్తు అతివేగాన్ని కారణంగా చెబుతూనే, ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివని కూడా చెప్పింది. ఆరేళ్లు దాటిన టైరు ఉంటే దాని ఖరీదు బేరంలో తగ్గించమనండి. పదేళ్లు దాటితే ఆ టైర్లతో హైవే ఎక్కకండి, ఇంటికి ఫ్లాట్‌బెడ్ ట్రక్కు మీద తెచ్చుకోండి. బాక్‌స్టర్‌కు ముందు టైర్ల సైజు వేరు, వెనక టైర్ల సైజు వేరు. కాబట్టి ముందువి వెనక్కి మార్చే వెసులుబాటు ఉండదు.

ఇక మడిచే గుడ్డ టాపు. 2002 వరకు వచ్చిన 986 కార్లలో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. పసుపెక్కి, మసకబారి ఉంటుంది, చలిలో మడిస్తే పగులుతుంది. 2003 నుంచి అద్దం ఇచ్చారు, వీలైతే అదే చూసుకోండి. టాపును ఒకసారి పూర్తిగా తీసి, పూర్తిగా వేయించండి.

టాపు వెనక రెండు వైపులా నీళ్లు పోయే కాలువలు ఉంటాయి. చెట్టు కింద ఆపిన కారైతే ఆకులతో మూసుకుపోతాయి. అప్పుడు వాన నీళ్లు కారులోకి దిగుతాయి. 986లో దొంగతనం జరగకుండా ఇంజన్‌ను ఆపే ఇమ్మొబిలైజర్ కంట్రోల్ బాక్స్ డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. అది తడిస్తే కారు స్టార్ట్ కాదు, కొత్త బాక్స్ పెట్టి తాళాలకు జత చేయించడానికి వెయ్యి డాలర్ల పైనే అవుతుంది. అందుకని సీటు కింద కార్పెట్ లోపలికి వేళ్లు పెట్టి తడి ఉందేమో చూడండి, ముక్కుకు బూజు వాసన తగులుతుందేమో చూడండి.

వెనక డిక్కీలో కూలెంట్ ట్యాంకు ఉంటుంది. అది ప్లాస్టిక్, కాలంతో బీటలు తీస్తుంది. డిక్కీ కార్పెట్ ఎత్తి చూస్తే తడిగానో, తెల్లటి మరకలుగానో ఆనవాలు దొరుకుతుంది. ఎలుకలు వైర్లు కొరికిన గుర్తులు, గూడు ముక్కలు కూడా అక్కడే వెతకండి. గరాజ్‌లో ఏళ్ల తరబడి కదలని కారంటే వాటికి ఇష్టమైన చోటు.

కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్, 20 డాలర్లకు దొరికేది ఒకటి వెంట తీసుకెళ్లండి. చెక్ ఇంజన్ లైటు వెలగకపోయినా, అందులో రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను పరీక్షించుకోవడం పూర్తయిందో లేదో చెప్పేవి, చూడండి. చాలావరకు "నాట్ రెడీ" అని వస్తే, ఈమధ్యే కోడ్‌లు చెరిపేశారు లేదా బ్యాటరీ తీసి పెట్టారు. నిలబడ్డ కారులో బ్యాటరీ చచ్చిపోవడం మామూలే కాబట్టి అది మోసమే కానక్కర్లేదు. కానీ 50, 100 మైళ్లు తిప్పి, మానిటర్లన్నీ రెడీ అయ్యాక మళ్లీ చూపించమని అడగండి. కాలిఫోర్నియాలో అవి సిద్ధం కాకపోతే స్మాగ్ (పొగ) పరీక్షే గట్టెక్కదు.

4. కొనే ముందు మెకానిక్ చేత తనిఖీ

ఈ మెట్టు దాటేయకండి. అమ్మేవారితో సంబంధం లేని, పోర్షే పని రోజూ చేసే షెడ్డుకు 300 నుంచి 500 డాలర్లు ఇచ్చి చూపించండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

తనిఖీలో మూడు సంగతులు ప్రత్యేకంగా అడగండి. ఒకటి, ఇంజన్ కంప్యూటర్‌లో ఉన్న గంటల లెక్క. 19 వేల మైళ్లకు 650 గంటలు ఉంటే సగటు వేగం గంటకు 29 మైళ్లు, నమ్మొచ్చు. 1,500 గంటలు ఉంటే ఆ మైళ్ల లెక్కనైనా అనుమానించాలి, లేదా కారు కదలకుండానే ఇంజన్ ఎక్కువసేపు నడిచి ఉండాలి. మాన్యువల్ గేరు కారైతే ఓవర్-రెవ్ రికార్డు కూడా తీయించండి. తప్పు గేరు పడి ఇంజన్ గరిష్ఠ వేగపు ఎర్ర గీత దాటి తిరిగిందేమో అందులో తెలుస్తుంది.

రెండు, కారు ఎత్తి ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర ఆయిల్ కారుతోందేమో చూడమనండి. కాస్త చెమ్మ ఉంటే భయపడకండి, రియర్ మెయిన్ సీల్ (క్రాంక్ చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు) ఈ కార్లలో తరచూ అలాగే ఉంటుంది. బొట్లు రాలుతుంటే లెక్కలోకి తీసుకోండి.

మూడోది ఐఎంఎస్ బేరింగ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కారు కొనేవాళ్లను అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే.

ఇంజన్ లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఒకటి ఉంటుంది. క్రాంక్ తిరుగుడును క్యామ్‌షాఫ్టుల గొలుసులకు అందించేది అదే. దాని గేర్‌బాక్స్ వైపు చివర గ్రీజుతో సీలు చేసిన బాల్ బేరింగ్ పెట్టారు. కాలం గడిచేకొద్దీ సీలు గట్టిపడి, ఇంజన్ ఆయిల్ లోపలికి చేరి, గ్రీజును కడిగేస్తుంది. ఆ తర్వాత లోపలికి చేరిన పాత ఆయిల్ అక్కడే నిలిచిపోతుంది. బేరింగ్ విరిగితే గొలుసుల టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ మొత్తం పోతుంది. అప్పుడు ఇంజన్ ఖర్చు కారు ధరను దాటిపోతుంది. గమనించండి, ఇందులో మైళ్ల పాత్ర కంటే కాలం పాత్ర తక్కువేం కాదు. అందుకే తక్కువ తిరిగిన కారు కాబట్టి దీని బెడద ఉండదనుకోవడం పొరపాటు. ఎక్కువకాలం నిలబడ్డ కార్లను ఇంకా జాగ్రత్తగా చూడమనే అనుభవం ఉన్న మెకానిక్‌లు చెబుతారు.

ఏ ఏడాది కారైతే ఎలా? 1997 నుంచి 1999 వరకు రెండు వరసల బేరింగ్, కాస్త గట్టిది. 2000, 2001 మధ్యలో ఒక వరసకు మారారు. 2005 వరకు ఉన్న ఈ చిన్న బేరింగే ఎక్కువ పేరు చెడగొట్టుకుంది. 2001 నుంచి 2005 వరకు కార్ల మీద అమెరికాలో యజమానులు సామూహికంగా వేసిన దావాలో పోర్షే రాజీకి వచ్చింది. 2006 నుంచి 2008 వరకు పెద్ద బేరింగ్ పెట్టారు. అది మెరుగే కానీ, ఇంజన్ రెండుగా విడదీయకుండా బయటికి రాదు. 2009లో వచ్చిన కొత్త ఇంజన్లలో ఆ షాఫ్టే తీసేశారు. బడ్జెట్ ఉంటే 2009 తర్వాతి 987 చూసుకోండి, ఈ గొడవ ఉండదు.

986లో దీన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. క్లచ్ ప్లేటుకూ, రియర్ మెయిన్ సీల్‌కూ అదే పని. కాబట్టి మూడూ ఒకేసారి చేయించండి, కూలీ ఒక్కసారే పడుతుంది. ఊరును బట్టి మూడు వేల డాలర్లకు అటూఇటూ అవుతుంది. ఇప్పటికే మార్చారని అమ్మేవారు చెబితే రసీదు అడగండి, ఏ తేదీన ఏ రకం బేరింగ్ వేశారో చూడండి. మాట మీద నమ్మకండి.

5. ఇంటికి తెచ్చాక, ఏ వరసలో

అన్నీ ఒకేసారి మార్చేయాలన్న ఆత్రం వద్దు. ముందు ప్రాణానికి సంబంధించినవి.

టైర్లు, బ్రేక్ ఆయిల్. ఈ రెండూ కాకుండా కారును గట్టిగా నడపకండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగుతూ వరసగా బ్రేక్ తొక్కినప్పుడు ఆ తేడా తెలుస్తుంది, ఆయిల్ మరిగి పెడల్ నేలకు దిగిపోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి, ఎన్ని మైళ్లయినా సరే. అదే రోజు బ్రేక్ హోస్ పైపులు వంచి చూడమనండి, బీటలుంటే మార్చేయండి.

తర్వాత ఇంజన్ ఆయిల్, ఫిల్టర్. దాదాపు 9 క్వార్ట్‌లు పడుతుంది, కాబట్టి మామూలు కారు కంటే ఖర్చు ఎక్కువ. పాత ఫిల్టర్‌ను పారేయనివ్వకండి. దాని కాగితం మడతలు విప్పి మెరిసే లోహపు రేకులు ఉన్నాయేమో చూడండి. బేరింగ్ సంగతి ముందుగా చెప్పేది అదే. 

మూడో విడతలో కూలెంట్, నీటి పంపు, డ్రైవ్ బెల్టు, ట్యాంకు బీటలు తీసి ఉంటే ట్యాంకు. పంపు లోపలి రెక్కలు ప్లాస్టిక్‌వి. విరిగితే ముక్కలు కూలెంట్ దారుల్లోకి పోతాయి. అది పాడయ్యేదాకా ఆగకుండా కూలెంట్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి అప్పుడే మార్చేయడం నయం. స్పార్క్ ప్లగ్గులు, వాటి గొట్టాల రబ్బరు రింగులు కూడా వయసును బట్టే మార్చండి. టిప్‌ట్రానిక్ (పోర్షే ఆటోమేటిక్) గేర్లయితే దాని ఆయిల్ కూడా.

ట్యాంకులో ఏడాది నాటి పెట్రోలు ఉంటే దించేయించండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆరు నెలలు దాటితే నమ్మడానికి లేదు.

సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మాత్రం వెంటనే ముట్టుకోకండి. కొన్ని నెలలు నడిపితే ఎక్కడ చప్పుడు వస్తుందో మీకే తెలుస్తుంది. అప్పుడు ఆ భాగమే మార్చుకోవచ్చు.

6. నిద్రపోయిన కారును లేపడం

ఏళ్ల తరబడి నిలబడ్డ కారును నడపడం మొదలుపెడితే మొదటి 500 మైళ్లలో కొత్త లీకులు బయటపడతాయి. ఎండిపోయిన సీళ్లు మళ్లీ వేడి, ఒత్తిడి చూస్తున్నాయి కాబట్టి ఇది సహజం. ఆ మైళ్లన్నీ ఇంటి చుట్టుపక్కలే తిప్పండి. కొన్న వారమే కుటుంబంతో దూర ప్రయాణం పెట్టుకోకండి. ప్రతి రాత్రి కారు కింద అట్టముక్క పరిచి ఉదయం చూడండి. ఆకుపచ్చ, గులాబీ రంగు మరక అయితే కూలెంట్. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. ముందు చక్రం లోపలివైపు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కావచ్చు, అప్పుడు కారు కదపకండి.

ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా, అంటే పదిహేను ఇరవై నిమిషాలు, ఇంజన్ వేగాన్ని (ఆర్‌పీఎం మీటర్‌లో) సగం దాటనివ్వకండి. వేడెక్కాక అప్పుడప్పుడూ గట్టిగా తిప్పండి, భయపడి ఎప్పుడూ మెల్లగా నడపడం ఈ ఇంజన్‌కు మంచిది కాదు.

7. ఆ తర్వాత ఏటా

వారానికోసారైనా అరగంట నడపండి. గరాజ్‌లోనే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపేయడం కంటే అసలు ముట్టుకోకపోవడం నయం. ఇంజన్ సరిగ్గా వేడెక్కకుండానే ఆపితే లోపల చేరిన తేమ ఆయిల్‌లోనే ఉండిపోతుంది. ఇంజన్ ఆయిల్ ఏడాదికోసారి, వెయ్యి మైళ్లే తిరిగినా సరే. వానల ముందు టాపు కాలువలు శుభ్రం చేయండి.

ఇండియా వెళ్లి నెల రోజులు ఉండాల్సి వస్తే బ్యాటరీని నెమ్మదిగా నింపుతూ ఉండే ట్రికిల్ చార్జర్ తగిలించి వెళ్లండి. ట్యాంకు నింపి, పెట్రోలు చెడిపోకుండా స్టెబిలైజర్ కలపండి, టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేయకుండా చక్రాలకు అడ్డు పెట్టండి, లేకపోతే హ్యాండ్‌బ్రేక్ షూలు డ్రమ్ములకు అతుక్కుంటాయి. 987లో బ్యాటరీ ముందు డిక్కీలో ఉంటుంది, ఆ డిక్కీ తలుపు కరెంటుతోనే తెరుచుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే, ఫ్యూజ్ బాక్స్‌లో ఉన్న ప్లస్ పిన్ను బయటికి లాగి, బయటి బ్యాటరీతో కరెంటు ఇచ్చి తెరవాలి. ఆ పిన్ను ఎక్కడుందో ఈరోజే చూసి పెట్టుకోండి.

వేరే కారు అయితే

మియాటా అన్నిటికంటే చవకగా పోషించుకోగలిగింది. దాని పాత మోడళ్లలో టైమింగ్ బెల్టు 60 వేల మైళ్లకు మార్చమన్నారు కానీ, ఇరవై ఏళ్ల కారులో మైళ్లు చూడకండి, రసీదు లేకపోతే మార్చేయండి. టాపు కాలువలు మూసుకుపోయి తలుపుల కింద ఉండే బాడీ భాగం లోపలి నుంచి తుప్పు పట్టడం దీనికి పెద్ద జబ్బు. ఎస్2000కు బెల్టు ఉండదు, టైమింగ్ గొలుసు ఉంటుంది. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గొలుసు టెన్షనర్ చప్పుడు వినండి, వాల్వ్ క్లియరెన్స్ ఎప్పుడు సరిచేశారో అడగండి.

ఫెరారీ ఎఫ్355 లాంటివాటి మీద ఆశ ఉంటే, కాలం కారును ఎలా అరగదీస్తుందో అక్కడ డబ్బుల్లోనే కనిపిస్తుంది. దాని టైమింగ్ బెల్టులు కొన్నేళ్లకోసారి మార్చాలి, అందుకు ఇంజన్ మొత్తం బయటికి తీయాలి, ఆ మధ్యలో వంద మైళ్లే తిరిగినా సరే. 2004లో వచ్చిన ఎఫ్430తో ఫెరారీ ఆ ఇంజన్లకు గొలుసులు పెట్టింది.

తిరిగి వెళ్లేటప్పుడు కారును వెంట తీసుకెళ్దామనుకునేవాళ్లకు ఒక్క సంగతి: మూడేళ్లు దాటిన పాత కారును, ఎడమవైపు స్టీరింగ్ ఉన్న కారును ఇండియా దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు. కారును ఇక్కడే అమ్మాల్సి వస్తుంది. కాబట్టి ప్రతి పనికీ రసీదు, తేదీ, మైళ్లు రాసి ఒక ఫైలులో పెట్టండి. మీ తర్వాత కొనేవారు మీరు అడిగిన ప్రశ్నలే అడుగుతారు.